మేడ మీద దొర

యాభై తొమ్మిదో సంవత్సరం శ్రావణంలో మా నాన్న కళ్ళ వైద్యానికని బందరు వస్తూ వెంట కుక్కను తెచ్చాడు. మంచి దుప్పటి తెచ్చుకోమని ఉత్తరం రాస్తే అది మర్చిపోయాడు. కుక్కను మాత్రం మర్చిపోలేదు. గుడివాడలో బస్సు కండక్టరు కుక్కనెక్కించుకోనన్నాడట. అయితే మేమూ ఎక్కం అని నాన్న బస్సు దిగేసి, నందివాడ నుంచి అక్కడిదాకా వచ్చిన మా ఎడ్లబండినే బందరు దాకా తోలించాడు. బండి తోలిన మా తమ్ముడు యాకోబు నా గుమ్మంలో దిగేసరికి ముఖం కందగడ్డలా చేసుకుని ఉన్నాడు.

నాన్న పేరు నతానియేలు. ముప్పై ఏళ్ళు పల్లెలో పిల్లలకు అక్షరాలూ పెద్దలకు వాక్యమూ చెప్పిన పంతులు. మొండికేస్తే వెనక్కి తగ్గడం ఆయన వల్ల కాదు. ఆ గుణం నాకూ వచ్చింది. మేమిద్దరం ఒక గదిలో ఉంటే మూడో మనిషికి చోటుండదని అమ్మ అంటుండేది. అమ్మ పోయి అప్పటికి నాలుగేళ్ళు. నేను ఇంగ్లీషుపాలెంలో ఆడపిల్లల బడిలో మూడో తరగతికి పంతులమ్మను. పెళ్ళెందుకు చేసుకోలేదు దయామణీ అని ఎవరైనా అడిగితే తీరిక లేక అని చెప్పేదాన్ని.

కుక్క పేరు దొర. పేరుకే దొర, రంగు మాత్రం బందరు కాలవ నీళ్ళ రంగు. ఎడమ చెవి సగానికి చిరిగింది. వయసు ఆరో ఏడో ఉంటుంది. మూడేళ్ళ కిందట మా పశువుల పాకలో చేరినప్పటి నుంచీ గొడ్ల మధ్య తప్ప ఇంకెక్కడా పడుకోలేదు. దాని మెడకో తాడు, ఆ తాడు రెండో కొస నాన్న చేతిలో. కాలవగట్టుకు వెళ్ళినా ప్రార్థన గుడికి వెళ్ళినా అదే ముందు నడుస్తుంది. నాన్న చూపంతా ఆ తాడులోనే ఉందని యాకోబు చెప్పాడు.

నేనుండే మేడ సత్యవతమ్మగారిది. కింద ఆవిడా, ఆవిడ ఎండుచేపల గంపలూ. పైన నా వాటా. ఒక గది, వంటకో మూల, ముందు గచ్చు చేసిన వరండా. బయటి నుంచి పంతొమ్మిది మెట్లు. ఆవిడ భర్త ఏడుకొండలుగారు పడవల మీద చేప తెచ్చి, ఎండబెట్టి, గుడివాడ సంతకు పంపి ఆ మేడ కట్టించాడు. ఆయన పోయాక వ్యాపారం ఆవిడే చూసుకుంటోంది. వీధి మొదట్లో అడుగు పెడితే చాలు, ఎండుచేపల వాసన గుప్పుమంటుంది. ఆ వాసనలో కూచుని ఆవిడ శుచీ శుభ్రం గురించి మాట్లాడితే నాకు నవ్వొచ్చేది. కానీ తెల్లవారేసరికి కళ్ళాపి చల్లి ఆవిడ పెట్టే ముగ్గు చూస్తే ఆ నవ్వు ఆగిపోయేది. ఆ ముగ్గు మీద ఎండుటాకు పడినా ఊరుకునేది కాదు.

దొర వచ్చిన మర్నాడు పొద్దున, నేను చూస్తుండగానే వరండా మూలకు నడిచి కాలెత్తింది. సిగ్గూ లేదు, భయమూ లేదు. వరండా తూము సరిగ్గా ఆ ముగ్గు మీదికి దిగుతుంది.

"పంతులమ్మా! పైనుంచి ఏంటే ఆ ధార?"

నేను పరిగెత్తి కిందికి వెళ్ళాను. సత్యవతమ్మగారు నడుం మీద చేతులు పెట్టుకుని ముగ్గు వంక చూస్తోంది. తామరపువ్వులో ఒక రేకు కరిగిపోయింది.

"కుక్కతో వస్తారని ముందు చెప్పావా నువ్వు?"

"నాకే తెలీదండీ."

"వచ్చిన పెద్దమనిషిని పొమ్మనలేను. అది ఉచ్చ పోసిన చోటల్లా పేడనీళ్ళతో అలుకు. ఉత్త నీళ్ళు కొడితే మైల పోదు. పక్కింటి రమణమ్మకి గేదె ఉందిగా, పేడ తెచ్చుకో."

మట్టిల్లు అలికి పెరిగిన చెయ్యి నాది. పేడనీళ్ళు పడితేనే శుభ్రమని మా అమ్మా నేర్పింది. పైగా ఒక మాట పడ్డాక ఇంకో మాటకు అవకాశమివ్వడం నాకు చేతగాదు. ఆవిడ ఒక ముద్ద కలపమంటే నేను రెండు ముద్దలు కలిపి వరండా ఈ కొస నుంచి ఆ కొస దాకా అలికి పారేశాను.

ఆసుపత్రిలో నాన్న కళ్ళు చూసిన డాక్టరుగారు, కుడికన్ను శుక్లం కొయ్యడానికి సిద్ధంగా ఉందన్నారు. కానీ నాన్నకు దగ్గు ఉంది. దగ్గే మనిషికి కన్ను కోస్తే కుట్లు నిలవవు. ముందు దగ్గు తగ్గాలి, వానలు వెళ్ళి చలి పడాలి, డిసెంబరులో చేద్దాం, అప్పటిదాకా వారం వారం తీసుకురండి అన్నారు. అంటే నాలుగు నెలలు. నాలుగు నెలలు నాన్న నా దగ్గరుండాలి. నాన్న ఉండాలంటే కుక్క ఉండాలి. కుక్క ఉండాలంటే దానికి ఇల్లంటే ఏమిటో తెలియాలి.

నలభై మంది పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించుకునేదాన్ని, ఒక్క కుక్కకు ఇంతమాత్రం నేర్పలేనా అనుకున్నాను. బడికి లాగే దానికీ వేళలు పెట్టాను. తెల్లవారుజామున ఒకసారి, నేను బడికి వెళ్ళబోయే ముందు ఒకసారి, మధ్యాహ్నం గంట కొట్టగానే ఇంటికి పరిగెత్తి ఒకసారి, సాయంత్రం రెండుసార్లు. వీధి చివర తుమ్మచెట్ల బీడుకు తీసుకెళ్ళాలి. తీరా చూస్తే దొర మెట్లు ఎక్కుతుందే గాని దిగదు. పల్లెలో దానికి మెట్లెక్కడివి? పైమెట్టు మీద నిలబడి, కిందికి చూసి, ఒళ్ళంతా వణికించుకుని బిగుసుకుపోయేది. నేను దాన్ని చంకనేసుకుని పంతొమ్మిది మెట్లూ దిగేదాన్ని. పెద్దకుక్క, బియ్యం బస్తాలో సగం బరువుంటుంది. ఎదురింటి వాళ్ళు కిటికీలోంచి చూసి నవ్వేవాళ్ళు. నవ్వనీ అనుకునేదాన్ని.

బీడులో అరగంట నిలబడినా అది గడ్డి వాసన చూసేది, నా మొహం చూసేది, అంతే. మళ్ళీ పైకి తెచ్చి వదలగానే తిన్నగా వరండాలోకి నడిచి, పొద్దున నేను అలికిన చోటే కాలెత్తేది. నేను మళ్ళీ అలికేదాన్ని. అది మళ్ళీ పోసేది. భాద్రపదం అంతా ఇదే భాగోతం. ఒకరోజు కోపం పట్టలేక చీపురు ఎత్తాను. దొర కదల్లేదు. చెవులు వెనక్కి పెట్టి, కొడితే కొట్టు అన్నట్టు నిలబడింది. లోపలి నుంచి నాన్న, "దయా, వాడేం చేశాడో వాడికి తెలియాలిగా, కొడితే ఏం తెలుస్తుంది?" అన్నాడు. చీపురు కింద పడేశాను గాని కోపం మాత్రం తగ్గలేదు.

భాద్రపదం వెళ్ళబోతుండగా సత్యవతమ్మగారు మెట్లెక్కి పైకి వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ పైకి రావడం అరుదు. వచ్చిందంటే అది మామూలు మాట కాదు.

"పంతులమ్మా, నిన్న ఎండబెట్టిన నెత్తళ్ళ చాప మీద పడింది నీ తూము నీళ్ళు. చాపెడు సరుకూ పారబోశాను. నేను నోరున్నదాన్నే గాని మనసు లేనిదాన్ని కాదు. దసరా దాకా చూస్తాను. అప్పటికీ ఇదే వరసైతే కుక్కన్నా వెళ్ళాలి, మీరన్నా వెళ్ళాలి."

"నాన్నకు ఆపరేషన్ అయ్యేదాకా..."

"కుక్కని ఊరికి పంపించెయ్. పంతులుగారు ఎన్నాళ్ళైనా ఉండనీ, నేను కాదన్నానా?"

నాన్న గోడ పట్టుకుని బయటికి వచ్చాడు. "సత్యవతమ్మగారూ, మీరన్నది న్యాయమేనండి. వాడు ఉండలేకపోతే మేమిద్దరం వెళ్ళిపోతాం. వాణ్ణొక్కణ్ణీ పంపను" అన్నాడు. గొంతు పెంచలేదు. నాన్న గొంతు పెంచకుండా అన్న మాటకు తిరుగుండదని నాకు తెలుసు.

మర్నాడు యాకోబు వచ్చాడు. వాడికీ విషయం చెప్పాను. ఊరికే రాలేదు, ఇంకో కబురు కూడా తెచ్చాడు.

"అక్కా, కైకలూరు వైపు నుంచి ఒకాయన వస్తున్నాడు. సూదితో పొర పక్కకి తోసేస్తాడంట. మంచం మీద కూడా పడుకోబెట్టడంట, కూచున్న మనిషికి కూచున్నట్టే చూపొచ్చేస్తదంట. దసరాకి మనూళ్ళో ఉంటాడు. నాలుగు నెలలు ఇక్కడ ఈ అవస్థ ఎందుకు?"

"జీవానందం మావయ్యకీ అలాగే వచ్చింది చూపు. పది రోజులు చూశాడు. తర్వాత చీము పట్టి కన్నే పోయింది. మర్చిపోయావా?"

"అందరికీ అలా అవుద్దా?"

"ఒక్కడికి అయినా చాలదా? మనకున్నది ఒక్క నాన్నే."

యాకోబు నాన్న వైపు తిరిగాడు. నాన్న మంచం కోడు తడిమాడు. "దొర ఇక్కడ ఇమిడితే నేను డిసెంబరు దాకా ఉంటాను. ఇమడకపోతే ఊరికొస్తాను. వచ్చాక, ఆ సూదాయన్నే చూద్దాం. ఈ చీకట్లో ఇంకా ఎన్నాళ్ళు కూచోను?" అన్నాడు.

"దసరాకి బండి తెస్తాను" అన్నాడు యాకోబు.

"తీసుకురా. ఖాళీ బండి తోలుకెళ్దువుగాని" అన్నాను. అనడమైతే అన్నాను. వాడు మలుపు తిరిగాక వంటమూలలో కూచుని ఏడ్చాను. ఓడిపోతానేమోనని అంతకు ముందెప్పుడూ అనుకోలేదు.

మూడో రోజు ఆదివారం. ప్రార్థన గుడి నుంచి వచ్చి దొర అప్పుడే పాడుచేసిన మూలను అలుకుతున్నాను. నేను అలికేటప్పుడు ఎప్పుడూ మంచం దిగని నాన్న ఆ పూట లోపల ఉక్కగా ఉందని, గోడ తడుముకుంటూ వరండాలోకి వచ్చి నిలబడ్డాడు. గాలి పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. ఆయన ముఖంలోకి ఏదో వెలుగు వచ్చింది.

"పాక వాసనేస్తోందేంటమ్మా! ఇక్కడ గొడ్లు కట్టేస్తారా?"

"గొడ్లెక్కడివి నాన్నా? నేను అలుకుతున్నాను."

"పేడతోనా?"

"పేడతోనే. కుక్క పోసిన ప్రతిసారీ అలుకుతున్నాను, నెలన్నర నుంచి."

నాన్న నవ్వాడు. బందరు వచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు. "మరి వాడి తప్పేముందే పిచ్చిదానా? వాడు పడుకున్నదీ పేడలోనే, ఒంటికి పోసిందీ పేడలోనే. వాడి పాక ఎక్కడుందా అని వెతుక్కునే పని లేకుండా రోజూ నువ్వే అలికి పెడుతున్నావు."

చేతిలో పేడగుడ్డ అలాగే ఉండిపోయింది. బీడులో దానికి పాక వాసన లేదు. నా వరండాలో ఉంది. నేను ఎంత పట్టుదలగా అలికితే అది అంత భక్తిగా వచ్చి పోసింది. పిల్లలకు తప్పు లెక్క నేర్పి, తప్పు చేశారని బెత్తం పట్టుకున్న పంతులమ్మను నేను. సిగ్గేసింది. ఆ సిగ్గులోనే కొండంత సంతోషం కూడా కలిగింది. తప్పు నాదైతే దిద్దుకోవడమూ నా చేతిలోనే ఉంటుంది.

దొర వంక చూశాను. తోక ఊపింది.

వెంటనే కిందికి వెళ్ళాను. సత్యవతమ్మగారు రొయ్యపొట్టు చెరుగుతోంది. జరిగింది చెప్పాను. ఆవిడ చేట ఆపలేదు.

"బాగుందమ్మా. కుక్క పోస్తే తప్పు పేడదా? మా అమ్మమ్మ కాలం నుంచి లేదీ మాట."

"మీ అమ్మమ్మగారి కుక్క మేడ మీద ఉండేదా అండీ?"

"మా అమ్మమ్మకి మేడే లేదు." నవ్వు ఆపుకుంది గాని మాట సడలించలేదు. "పేడ చల్లకపోతే నాకు మైల. నా మేడ మీద ఉచ్చ పోసిన చోట ఉత్త నీళ్ళు కొట్టి ఊరుకుంటానంటే ఒప్పుకోను."

"ఉత్త నీళ్ళు కాదు. చాకలిసోడా వేసి మరిగించిన నీళ్ళతో రుద్దుతాను. ఆరాక సున్నం కొడతాను. ఈస్టరుకి గుడి గోడలకి కొట్టినట్టు కొడతాను. మీరు పైకి వచ్చి మోకాళ్ళ మీద కూచుని వాసన చూడండి. వాసన వస్తే మర్నాడే మేం వెళ్ళిపోతాం."

"నా మోకాళ్ళు వంగవు."

"అయితే నా మాట నమ్మండి."

ఆవిడ చేట పక్కన పెట్టింది. "పంతులుగారికి నిజంగా చూపొస్తుందంటావా?"

"డాక్టరుగారు వస్తుందన్నారు. ఊరికి వెళ్తే మాత్రం ఉన్న కన్ను పోతుంది."

"దసరాకి పదిహేను రోజులుంది. ఈ పదిహేను రోజులూ నీ ఇష్టం. ఆ తర్వాత నా ఇల్లు, నా ఇష్టం."

ఆ సాయంత్రమే మొదలుపెట్టాను. సోడానీళ్ళకు అరచేతులు పగిలాయి. గచ్చు గీకిన చోటల్లా సున్నం కొట్టాను. రెండుసార్లు కొట్టాను. రమణమ్మ గేదె పేడ ఒక తట్టెడు తీసుకుని ఈసారి బీడుకు మోసుకెళ్ళాను. తుమ్మచెట్ల కింద ఒక పడక అంత మేర చల్లాను. మర్నాడు తెల్లవారుజామున దొరను చంకనేసుకుని అక్కడ దించాను. అది ముక్కు నేలకు ఆనించింది. ఒక చుట్టు తిరిగింది. కాలెత్తింది.

బీడులో నేను ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను. కొంగున కట్టుకొచ్చిన ఎండు నెత్తళ్ళలో ఒక చిన్నచేప తీసి దాని నోట్లో పెట్టాను. దొర నన్ను ఆశ్చర్యంగా చూసింది. ఇన్నాళ్ళూ దీనికా నువ్వు నన్ను మోసింది అన్నట్టుంది ఆ చూపు.

మెట్ల సంగతీ నెత్తళ్ళతోనే తేల్చాను. పైనుంచి రెండో మెట్టు మీద ఒక నెత్తలి. అది ముందుకాళ్ళు దింపి, తిని, మళ్ళీ పైకి పారిపోయేది. మర్నాడు మూడో మెట్టు మీద. నాకు కోపం వచ్చినప్పుడల్లా ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టుకునేదాన్ని, మా పిల్లలకు చెప్పినట్టే. పదకొండో రోజున దొర అడుగు తర్వాత అడుగు వేస్తూ పంతొమ్మిది మెట్లూ దిగింది. కింద సత్యవతమ్మగారు నిలబడి ఉంది.

"రోజూ చారెడు నెత్తళ్ళు కొంటున్నావు, పంతులుగారికి ఇష్టమేమో అనుకున్నానే. ఈ దొరగారికా!" అంది. మర్నాటి నుంచి విరిగిన నెత్తళ్ళు ఆకులో చుట్టి మెట్ల కింద పెట్టేది. అడిగితే, అవి అమ్ముడుపోవు లేవే అనేది.

వరండాలో ఆ పదిహేను రోజుల్లో రెండుసార్లే తప్పు జరిగింది. అదీ నేను బడి నుంచి ఆలస్యంగా వచ్చిన రోజుల్లో. ఆ రెండుసార్లూ సోడా పెట్టి, సున్నం కొట్టాను. తూము వెంట కిందికి సున్నపునీళ్ళే వెళ్ళాయి. దసరాకు యాకోబు బండి తెచ్చాడు. రెండు పూటలు ఉండి, దొర తలుపు దగ్గరికి వెళ్ళి కూచుని మూలగడం, నేను తలుపు తియ్యడం, అది మెట్లు దిగడం కళ్ళారా చూశాడు. "నీకు పెళ్ళి కాకపోవడం మంచిదైంది అక్కా. ఆయన్నీ ఇలాగే దిద్దేదానివి" అన్నాడు. ఖాళీ బండి తోలుకెళ్ళాడు.

సత్యవతమ్మగారు గడువు సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఎత్తలేదు కదా అని నేను నిశ్చింతగా లేను. ఒక్క తప్పు చాలు, ఆవిడకు గుర్తు రావడానికి.

కార్తీకంలో ముసురు పట్టింది. వాయుగుండమని రేడియోలో చెప్పారు. గాలి ఊళ పెడుతోంది, వాన చెంబులతో గుమ్మరించినట్టు కురుస్తోంది. రెండో రోజుకు వీధి నిండింది. బడి మూసేశారు. తుమ్మచెట్ల బీడు చెరువైపోయింది. ముందు రోజు సాయంత్రం బయటికెళ్ళిన దొర మర్నాడు మధ్యాహ్నం దాటినా ఒంటికి పొయ్యలేదు. తలుపు దగ్గర కూచుంటుంది, లేస్తుంది, మూలుగుతుంది, మళ్ళీ కూచుంటుంది. గోనెపట్టా కప్పుకుని దాన్ని కిందికి తీసుకెళ్ళాను. ఆఖరి మెట్టు దగ్గర నీళ్ళు నా మోకాలు దాటాయి. అది నీళ్ళలో దిగనంది. మెట్ల మీదా పొయ్యనంది. పైకి తెచ్చాను.

వరండా మూలకు తీసుకెళ్ళి, "పొయ్యి నాయనా, ఈ ఒక్కసారికి పొయ్యి. నేను కడుక్కుంటాను" అన్నాను. దొర ఆ సున్నం కొట్టిన మూలను చూసింది, నన్ను చూసింది, తల తిప్పేసుకుంది. దాని కడుపు బిగిసి వణుకుతోంది. మూడు నెలలు పొయ్యొద్దు పొయ్యొద్దని ప్రాణం తోడేసి, ఇప్పుడు పొయ్యమని బతిమాలుతున్నాను. నన్ను చూస్తే నాకే అసహ్యం వేసింది.

నాన్న మంచం మీద నుంచి లేచాడు. "దయా, వాడికేమైనా అయితే..." అని ఆగిపోయాడు. ఆ గొంతు నేను అమ్మ పోయినప్పుడు విన్నాను.

మళ్ళీ దాన్ని చంకనేసుకుని దిగాను. ఎక్కడికి తీసుకెళ్తానో నాకే తెలియదు. వానలో, నీళ్ళలో నిలబడి అటూ ఇటూ చూస్తుంటే సత్యవతమ్మగారి తలుపు తెరుచుకుంది.

"ఏమైందే?"

"నిన్న సాయంత్రం నుంచి పొయ్యలేదండీ. ఇంట్లో పొయ్యదు. బయట చోటు లేదు."

ఆవిడ వీధి చివరిదాకా చూసింది. నీళ్ళు తప్ప ఏమీ లేదు. తరవాత తన వీధరుగు వంక చూసింది. చూరు కింద ఉన్న ఆ అరుగొక్కటే పొడిగా ఉంది. రోజూ ఆవిడ అలికి, చుట్టూ ముగ్గుగీత పెట్టుకుని, సాయంత్రాలు కూచునే అరుగు. మనవలు చెప్పులతో ఎక్కితే కసిరేది.

"ఇక్కడికి తీసుకురా" అంది.

"మీ అరుగు మీదికా?"

"ఇంకెవరి అరుగుంది ఇక్కడ? తే, తొందరగా. ప్రాణముంది గదా దానికీ."

దొరను అరుగు మీద దించాను. అది నేల వాసన చూసింది. ఆవిడ పొద్దున్నే పేడతో అలికిన అరుగు. స్తంభం దగ్గర కాలెత్తింది. ఎంతసేపో పోసింది. సత్యవతమ్మగారు కొంగు తల మీదికి లాక్కుని, మనుషులకు మర్యాద ఇచ్చినట్టు అటు తిరిగి నిలబడింది.

"అయ్యిందా దొరగారికి?"

"అయ్యిందండీ."

చూరు కింద పెట్టిన గంగాళంలో నుంచి ఆవిడే రెండు బిందెల వాననీళ్ళు ముంచి అరుగు మీద కుమ్మరించింది. చీపురు నాకిచ్చింది. నేను కడిగాను. పేడ మాట ఆవిడ ఎత్తలేదు. "రేపు పొద్దున కూడా ఇక్కడికే తీసుకురా. పాపం, ముసురు తగ్గేదాకా" అని లోపలికి వెళ్ళిపోయింది.

నేను మెట్లెక్కుతూ ఏడ్చాను. వానలో ఎవరికి తెలుస్తుంది! అప్పటిదాకా దాన్ని అదీ ఇదీ అంటూ వచ్చాను. ఆ రోజు నుంచి నాకూ దొర వాడే అయ్యాడు.

డిసెంబరు మొదటి వారానికి నాన్న దగ్గు పూర్తిగా తగ్గింది. కన్ను కోశారు. రెండు కళ్ళకూ కట్టు కట్టి, తల కదలకుండా అటొకటి ఇటొకటి ఇసుక సంచులు పెట్టి, తొమ్మిది రోజులు వెల్లకిలా పడుకోబెట్టారు. నవ్వకూడదు, దగ్గకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. నేను బడికి సెలవు పెట్టి పక్కనే కూచున్నాను. కుక్క సంగతి ఎలాగని నేను అడగక ముందే సత్యవతమ్మగారు, "నువ్వు ఆయన్ని చూసుకో, దొరని నేను చూస్తాలే" అంది. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ తెల్లవారుజామునే తాడు పట్టుకుని బీడుకు వెళ్ళొస్తోందని రమణమ్మ ఆసుపత్రికి వచ్చి చెప్పింది. బీడు నుంచి తిరిగొచ్చాకే ఆవిడ ముగ్గు పెడుతోందట. నాన్న నవ్వబోతే నేను పెదవుల మీద వేలు పెట్టాను.

పదో రోజున కట్టు విప్పారు. ఆసుపత్రివాళ్ళు సోడాసీసా అడుగంత మందం అద్దాలున్న కళ్ళజోడు తాత్కాలికంగా ఇచ్చారు. అది పెట్టుకుని నాన్న ముందు నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు. "మీ అమ్మలా అయిపోయావే" అన్నాడు. కిటికీని చూశాడు. కిటికీ మీద వాలిన కాకిని చూశాడు. రిక్షాలో ఇంటికి వస్తుంటే బోర్డులన్నీ పైకి చదువుతూ వచ్చాడు, ఒకటో తరగతి పిల్లాడిలా. సోడా కొట్టు, సైకిలు షాపు, పొగాకు నూరు యంత్రము. నేను రిక్షాలో కూచుని, సాధించాను, సాధించాను అనుకున్నాను. గర్వపడడం పాపమైతే ఆ రోజు నేను బోలెడంత పాపం చేశాను.

రిక్షా ఆగిన చప్పుడుకు మేడ మీద మొరుగు వినిపించింది. పంతొమ్మిది మెట్లూ ఒక్క బిగిన దిగి, దొర నాన్న మీదికి దూకబోయాడు.

నాన్న ఒక అడుగు వెనక్కి వేసి చేతికర్ర ఎత్తాడు.

"ఎవరిదమ్మా ఈ కుక్క? ఇలా మీదికొస్తోందేం?"

దొర ఎక్కడివాడక్కడ ఆగిపోయాడు. పొట్ట నేలకు ఆనించి కూలబడ్డాడు. అప్పటికి గాని నాకు తట్టలేదు. దొర మా పాకలోకి వచ్చేనాటికే నాన్నకు రెండు కళ్ళూ మూసుకుపోయాయి. ఆ మూడేళ్ళూ ఆ కుక్క వెంట నడిచాడు, ఆ కుక్క పక్కనే కూచున్నాడు. ఒక్కసారి కూడా దాన్ని చూడలేదు.

"అదేంటండీ పంతులుగారూ, మీ దొరేగా!" అంది సత్యవతమ్మగారు అరుగు మీద నుంచి.

"దొరా?" నాన్న కర్ర దించాడు. వంగి చూశాడు. "వీడా? తెల్లగా ఉంటాడనుకున్నానే." ఆ మందపు అద్దాల్లోంచి అటు వంగి చూశాడు, ఇటు వంగి చూశాడు. ముఖంలో గుర్తుపట్టిన జాడే లేదు. దొర కదల్లేదు.

నాన్న కళ్ళజోడు తీసి నా చేతికిచ్చాడు. కళ్ళు మూసుకున్నాడు. నేల మీద మోకాలు ఆనించి చెయ్యి చాపాడు. ఆ చెయ్యి గాల్లో కాస్త తడబడి, దొర తల మీద వాలి, ఎడమ పక్కకు జారి, చిరిగిన చెవి దగ్గర ఆగింది.

"ఆ. వీడే" అన్నాడు.

కళ్ళు తెరవకుండానే వాడి మెడ చుట్టూ చెయ్యి వేసి అలాగే కూచుండిపోయాడు. కళ్ళజోడు నా చేతిలోనే ఉంది. చాలాసేపు దాన్ని అడగలేదు.